వార్తల్లో పదం: ఆఫ్‌షోరింగ్

స్వదేశములోని పనిని విదేశస్థులకు అప్పగించుట ఆఫ్‌షోరింగ్. స్వదేశమందే వేరొక సంస్థ కిచ్చినచో అది దేశీయ అవుట్‌సోర్సింగ్. విదేశీ సేవలకు చెల్లించు సొమ్ముపై 25 శాతము పన్ను విధింపగోరు బిల్లు 2025 సెప్టెంబరులో అమెరికా సెనేటున ప్రవేశించినది మొదలు ఈ పదము మరల మన పత్రికల కెక్కినది.

డేటాబేసు నిర్వహణ, అనగా సమాచార భాండాగారమునకు కావలి యుండి, నకళ్లు భద్రపరచి, చెడినచో సరిదిద్దుట, దీనికి చక్కని ఉదాహరణము. న్యూయార్కులో నడిరేయి యగునప్పటికి గుంటూరు మిర్చి యార్డులో టిక్కీల, అనగా బస్తాల, బేరము సాగుచుండును గనుక, వారి నిద్రవేళ మన పనివేళ యగుటయు, వేతనములు స్వల్పమగుటయు దూరదేశపు ఆకర్షణలు. స్వదేశమున వ్యయము హెచ్చు. కాని పిలిచిన పలుకుదురు, చట్ట మొక్కటే.

చట్టము చిన్న మాట కాదు. చెల్లింపుల వివరములను భారతదేశమందే నిలువచేయవలెనని రిజర్వు బ్యాంకు 2018లోనే ఆదేశించినది.