తుంటి మీద కొడితే పళ్ళు రాలాయట!

పొంతన లేని మాట ఎవరైనా అంటే మనం ఈ సామెత వాడతాం. కానీ రెండేళ్ళుగా నా ఒంట్లో జరిగింది దాదాపు ఇదే. చెడింది తుంటి కీలు, నొచ్చింది మోకాలు, మందు పూసింది మోకాలికి. అందుకే ఆ కీలు గురించీ, నేను ఇంకా మానని హాకీ గురించీ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది గుడియాత్తం. లుంగీలు నేసే మగ్గాల చప్పుడుతో తెల్లారే వీధి. అక్కడి నుంచి వేలూరుకి రోజూ బస్సు. మన పక్కనే ఉన్న చిత్తూరు జిల్లా పల్లెటూరి అమ్మాయి ఎతిమరపు రజని భారత జట్టుకి గోల్‌కీపర్ అయిందని స్కూల్లో పీఈటీ మేడమ్ చెప్పినప్పటి నుంచి నేను హాకీ స్టిక్ వదల్లేదు. అట్లాగని పెద్ద క్రీడాకారిణిని కాను, కాలేజీ టీములో లేను. శనివారం సాయంత్రం పది పన్నెండు మందిమి చేరి ఆడుకుంటాం, అంతే.

మొదటి సంవత్సరం చివర్లో ఎడమ కాలు పేచీ మొదలుపెట్టింది. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు, ముగ్గు వెయ్యడానికి గొంతుక్కూర్చున్నప్పుడు చురుక్కుమనేది.

"ఎక్కడ నొస్తా ఉందే?" అని అమ్మ అడిగితే "మోకాలు" అనేదాన్ని. అబద్ధం కాదు, మోకాలూ నొచ్చేది. కానీ అసలు నొప్పి పుట్టేది పొత్తికడుపుకీ తొడకీ మధ్య ఉండే మడతలో. ఆ చోటికి తెలుగులో చక్కటి మాటుంది, గజ్జ. ఆ మాట నాయన ముందు ఎట్లా అనేది? ఒకరోజు ధైర్యం చేసి అవ్వ చెవిలో అన్నాను. అవ్వకి కొంచెం చెముడు. "గజ్జెలా? ఇప్పుడు డాన్సు నేరుస్తావా?" అంది. గట్టిగా చెప్పేసరికి ఇల్లంతా వినింది. "గజ్జల్లో బిళ్ళ కట్టినట్టుంది, పసుపు పట్టెయ్యండి" అని అవ్వ తీర్పు చెప్పేసింది. అమ్మేమో నెలసరి నొప్పి అనుకుంది. దగ్గర్లోని డాక్టరొకాయన మోకాలు నొక్కి చూసి పూతమందు రాసిచ్చారు. తప్పంతా ఆయనదని నేననను. నేను చూపించిందే మోకాలు. ఇట్లా ఎనిమిది నెలలు పోయాయి.

కుంటడం మొదలయ్యాక వేలూరులో ఒక ఎముకల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. "నోటితో చెప్పొద్దు, చేత్తో చూపించు" అన్నారావిడ. నా చెయ్యి దానంతటదే బొటనవేలు వెనక్కీ మిగతా వేళ్ళు ముందుకీ పెట్టి తుంటిని అర్ధచంద్రంలా పట్టుకుంది. "తుంటి కీలు నొప్పి ఉన్నవాళ్ళు చాలామంది ఇట్లాగే చూపిస్తారు" అని ఆవిడ ఎక్స్-రేకి రాశారు.

తుంటి కీలంటే గిన్నెలో బంతి. తొడ ఎముక పైకొస బంతి, కటి ఎముకలోని గుంట గిన్నె. గిన్నె అంచు చుట్టూ కుక్కర్ గాస్కెట్టులాంటి మెత్తని రింగు ఉంటుంది, బంతిని జారకుండా పట్టుకునేది అదే. నా గిన్నెకి లోతు చాలదు. బంతిని గిన్నె ఎంతవరకు కప్పిందో ఎక్స్-రేలో కోణంగా కొలుస్తారు. స్వీడన్ డాక్టరు విబెర్గ్ 1939లో చెప్పిన కొలత అది. 25 డిగ్రీలు దాటితే మామూలు, 20 కన్నా తక్కువైతే గిన్నె లోతు చాలనట్టు. నాది 22. గట్టుకి ఇటూ కాదు, అటూ కాదు.

మరి మోకాలెందుకు నొచ్చింది? తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి. కబురు తెచ్చే మనిషి ఒకడే అయినప్పుడు ఏ ఇంటి నుంచి వచ్చాడో మెదడు పొరబడుతుంది. సామెతలో పళ్ళు రాలడానికి కారణం లేదు గానీ, తుంటి చెడితే మోకాలు నొయ్యడానికి ఉంది.

ఇంకో సంగతి విన్నాక అవ్వా నేనూ మొహాలు చూసుకున్నాం. ఈ లోపం పుట్టుకలోనే మొదలవుతుందట. మగపిల్లల్లో కన్నా ఆడపిల్లల్లో చాలా ఎక్కువ, కుడి కన్నా ఎడమ తుంటికి ఎక్కువ. తొలిచూలు బిడ్డల్లోనూ, కడుపులో తలకిందులుగా కాకుండా కాళ్ళో పిరుదులో కిందికి పెట్టుకుని ఉన్న బిడ్డల్లోనూ ఎక్కువ. నేను తొలిచూలు, పైగా ఎదురుకాళ్ళతో పుట్టినదాన్ని! అట్లా పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుం పట్టు పోతుందని మనవాళ్ళ నమ్మకం కదా. చిన్నప్పుడు మా వీధివాళ్ళు నడుం పట్టేస్తే మా ఇంటికొచ్చి బోర్లా పడుకునేవాళ్ళు, నేను కాలు పెట్టేదాన్ని. ఊరి నడుములు బాగుచేసిన కాలికి తన గిన్నే లోతు లేకపోయింది.

ఇళ్ళల్లో పసిబిడ్డలున్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. కాళ్ళు చాపి బిగించి గుడ్డలో చుడితే తుంటికి మంచిది కాదు. మనం చంకనెత్తుకునే పద్ధతి, బిడ్డ కాళ్ళు రెండుపక్కలా విడిపోయి ఉండేది, చాలా మంచిది. అప్పుడే బంతి గిన్నెలో సరిగా కుదురుకుంటుంది.

ఇక హాకీ. ఈ ఆటలో బంతి నేల మీద, మనిషి వంగి. స్టిక్‌కి ఒకపక్కే చదును, ఆ పక్కతోనే కొట్టాలి. ఎడమచేతి వాటం వాళ్ళకి వేరే స్టిక్ నిబంధనల్లో లేదు. కాబట్టి అందరూ ఒకే వైపుకి నడుం తిప్పుతారు, ఎడమ కాలు ముందుకేసి లోతుగా వంగుతారు. తుంటి బాగా మడిచి తిప్పినప్పుడే అంచు రింగు నలిగేది.

దీనికితోడు బరువు లెక్క ఉంది. ఒంటికాలి మీద నిలబడితే తుంటి తక్కెడ ముల్లులాగా అవుతుంది. ఒకపక్క ఒళ్ళంతా, రెండోపక్క పిరుదు పక్క కండరం. కండరం వైపు తక్కెడ చెయ్యి పొట్టి, అందుకని అది ఒంటి బరువుకి రెట్టింపు లాగాలి. రెండు లాగుళ్ళూ కలిసి పడేది కీలు మీదే. యాభై కిలోల మనిషి అడుగు తీసి అడుగు వేస్తే కీలు మీద నూట పాతిక నుంచి నూట యాభై కిలోలు. పరుగెత్తితే ఇంకా ఎక్కువ. గిన్నె లోతు లేకపోతే ఆ బరువంతా అంచు మీద పడుతుంది.

"అయితే ఆట మానెయ్యాలా?" అని అడిగాను. అడిగేటప్పుడే ఏడుపొచ్చింది. "గిన్నెని వ్యాయామంతో లోతు చెయ్యలేం. దాన్ని కాపాడే కండరాన్ని గట్టిచెయ్యగలం. మూడు నెలలు చేసి రా, అప్పుడు చూద్దాం" అన్నారు డాక్టరమ్మ.

చేశాను. పక్కకి పడుకుని కాలెత్తడం, వెల్లకిలా పడుకుని నడుమెత్తడం, మోకాళ్ళకి రబ్బరుపట్టీ కట్టుకుని పీతలాగా పక్కకి నడవడం. మా తమ్ముడు నవ్వని రోజు లేదు. మూడు నెలలకి బస్సు మెట్టు నొప్పి లేకుండా ఎక్కాను.

ఇప్పుడు ఆడుతున్నాను, కానీ వేరేగా. ఫార్వర్డ్ నుంచి డిఫెన్స్‌కి మారాను. ఒక అంగుళం పొడుగు స్టిక్ తీసుకున్నాను, వంపు తగ్గింది. స్టిక్ నేల మీద పరిచి బంతినాపడం మానేశాను. హాకీలో ఒకసారి బయటికి పోయినవాళ్ళు మళ్ళీ లోపలికి రావచ్చు, ఎన్నిసార్లయినా. ఆ నిబంధన నాకోసమే పెట్టినట్టుంది. ఐదు నిమిషాలు ఆడతాను, ఐదు నిమిషాలు గట్టు మీద. నొప్పికి ఫిజియో అక్క ఒక లెక్క చెప్పింది. పదికి మూడు లోపుండి మర్నాటికి పోతే సరే, మిగిలితే వచ్చే వారం ఆట సగం. ఇంటి దగ్గర ముగ్గు గొంతుక్కూర్చోకుండా నిలబడి వంగి వేస్తున్నాను. కొంచెం వంకరపోతుంది, పోనీ.

ఇది నయమైపోయిన కథ కాదు. ఏడాదికోసారి ఎక్స్-రే ఉంది. లోపం ఎక్కువగా ఉన్నవాళ్ళకి గిన్నె చుట్టూ ఎముక కోసి, తిప్పి, బంతిని కప్పేలా పెట్టే ఆపరేషన్ ఉంది. 1980లలో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో గాంజ్ అనే డాక్టరు బృందం కనిపెట్టింది. నాకు అవసరం వస్తుందో రాదో కాలమే చెప్పాలి. ఆ దిగులు వచ్చినప్పుడు మన వేలూరు సీఎంసీ డాక్టర్ మేరీ వర్గీస్ గుర్తొస్తారు. 1954లో కారు ప్రమాదంలో నడుం కిందంతా చచ్చుబడింది. ఆవిడ చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేశారు. తర్వాత ఇక్కడి పునరావాస కేంద్రానికి ప్రాణం పోశారు. ఆవిడతో నాకు పోలికేమిటి? అయినా పని వదలకుండా, చేసే తీరు మార్చుకోవచ్చని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ఎక్స్-రే సంగతి బయట చెప్పొద్దని అమ్మ అంది, "రేపు సంబంధాలు చూసేటప్పుడు..." అని. ఈ వ్యాసం రాసే ముందు అమ్మని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "ఇంకో పిల్ల ఎనిమిది నెలలు పోగొట్టుకోకుండా ఉంటే రాసెయ్యి" అంది.

అందుకే రాశాను. మనం తెలుగు చదువుకునేవాళ్ళం. గజ్జకీ గజ్జెకీ తేడా ఒక్క అచ్చే. ఒంటిలో ప్రతి చోటికీ మన భాషలో పేరుంది. నొచ్చినప్పుడు ఆ పేరు గట్టిగా చెప్పండి.