కాంటా నుంచి ఖాతా దాకా.. బేసిక్‌లో లెక్క ఎక్కడ తప్పుతుంది?

పాత ఇనుము కొట్టు నడిపేవాళ్లకు, ధాన్యం వ్యాపారులకు వేబ్రిడ్జి కొత్త కాదు. మనవాళ్లు ధరమ్ కాంటా అంటారు. లారీ ఎక్కగానే బరువు కంప్యూటర్ స్క్రీన్ మీద కనిపిస్తుంది, రసీదు చేతికొస్తుంది. ఆ అంకె మీదే డబ్బు లెక్కంతా. మరి కాంటాలోని అంకె కంప్యూటర్‌లోకి ఎలా వచ్చింది?

బేసిక్ భాషలో ఇది ఇరవై, ముప్పై లైన్ల పని. 1964లో అమెరికాలోని డార్ట్‌మౌత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ ఈ భాషను తయారుచేశారు. 1991లో ఎంఎస్ డాస్ 5తో పాటు క్యూబేసిక్ వచ్చింది. చరిత్ర అంతవరకు చాలు.

కాంటాను, కంప్యూటర్‌ను కలిపేది సీరియల్ పోర్టు. తొమ్మిది పిన్నులుంటాయి కానీ అసలు పని మూడింటిదే: రెండో పిన్ను వినడానికి, మూడోది పంపడానికి, ఐదోది గ్రౌండ్. ప్రోగ్రామ్‌లో 'ఓపెన్' అనే మాటతో పోర్టు తెరిచి, 9600, ఎన్, 8, 1 అని రాస్తారు. అంటే సెకనుకు 9600 బిట్లు, ప్యారిటీ లేదు, ఎనిమిది డేటా బిట్లు, ఒక స్టాప్ బిట్. స్టార్ట్ బిట్ కూడా కలిపితే ఒక్కో అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. కాంటాలో ఒక సెట్టింగ్, ప్రోగ్రామ్‌లో ఇంకో సెట్టింగ్ ఉంటే స్క్రీన్ మీద పిచ్చి గుర్తులే వస్తాయి. యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే ఇంకో చిక్కు. అది కామ్ 3 అనో, కామ్ 5 అనో నంబర్ తీసుకుంటుంది. క్యూబేసిక్‌కు తెలిసినవి కామ్ 1, కామ్ 2 మాత్రమే.

పోర్టు నుంచి వచ్చేది అంకె కాదు, అక్షరాల వరుస. దాన్నే స్ట్రింగ్ అంటారు. కొన్ని కాంటాలు బరువుకు ముందు 'ఎస్‌టీ' అని పంపుతాయి, బరువు నిలకడగా ఉందని అర్థం. 'యూఎస్' అని వస్తే పళ్లెం ఇంకా ఊగుతున్నట్టే, ఆ బరువు తీసుకోకూడదు. మధ్యలో కామాలు కూడా ఉంటాయి. 'ఇన్‌పుట్' వాడితే కామా దగ్గరే ఆగిపోతుంది. అందుకే 'లైన్ ఇన్‌పుట్' వాడి లైను మొత్తం తీసుకుని, 'మిడ్'తో బరువున్న ముక్కను కోసి, 'వాల్'తో అంకెగా మార్చాలి.

ఈ 'వాల్' దగ్గరే అసలు మోసం. అంకె కాని గుర్తు కనబడితే చదవడం అక్కడితో మానేస్తుంది. 12,450 అని కామాతో ఇస్తే 12 అనే చదువుతుంది. ఎర్రర్ కూడా చూపించదు! పన్నెండు టన్నుల సరుకు రసీదులో పన్నెండు కిలోలు. ఇంకోటి, కాంటా లైను సగం పంపినప్పుడు ప్రోగ్రామ్ మొదలైతే 12450 బదులు 450 దొరుకుతుంది. అందుకే మొదటి లైను పారేసి, తర్వాతి ప్రతి లైను పొడవును 'లెన్'తో చూసుకోవాలి.

ఇక ఖాతా. రోజువారీ లెక్క రాసే ఫైలును 'ఫర్ అపెండ్' అని తెరవాలి. పొరపాటున 'ఫర్ అవుట్‌పుట్' అని రాస్తే పాత లెక్కంతా అడక్కుండానే చెరిగిపోతుంది. ఏడాది ఖాతా ఒక్క మాటతో సఫా. రాసింది కూడా వెంటనే డిస్కుకు చేరదు, కొంతసేపు మెమరీలోనే ఉంటుంది. ఆ లోపు కరెంటు పోతే అదీ పోతుంది. ప్రతి లారీ తర్వాత 'క్లోజ్' చేయడం మేలు, కాస్త ఆలస్యమైనా సరే.

గిరాకీల పేర్లు తెలుగులోనో ఉర్దూలోనో ఫైలులో ఉంటే ఇంకో జాగ్రత్త. పాత బేసిక్ బైట్లనే లెక్కపెడుతుంది. యూటీఎఫ్ 8 పద్ధతిలో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, ఉర్దూ అక్షరానికి రెండు. 'రహీమ్' అన్న పేరుకు 'లెన్' 15 చూపిస్తుంది, అదే పేరు ఉర్దూలో ఉంటే 8. రసీదులో పది బైట్ల చోటే ఇచ్చి 'లెఫ్ట్'తో కోస్తే తెలుగు పేరు చివర పొల్లు పోవడమే కాదు, 'మ' కూడా ముక్కలై చెత్త గుర్తు అచ్చవుతుంది.