బురద కోసం ఆరువేల కిలోమీటర్లు

ఆగస్టులో మనకు వానాకాలం. కాని ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న సైబీరియాలో అప్పుడు వేసవి ముగుస్తూ ఉంటుంది. అక్కడ గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసిన ఉల్లంకి జాతి పిట్టలు మన చెరువుల దారి పట్టేది ఆ రోజుల్లోనే. చలికాలమంతా ఇక్కడ గడిపి, మన ఎండలు ముదిరే వేళకు తిరిగి వెళ్లిపోతాయి.

ఎందుకు వస్తాయి?

చలికి భయపడి అనుకుంటారు చాలామంది. అసలు కారణం తిండి. వీటి ఆహారం బురదలోని పురుగులు, చిన్న నత్తలు. నీళ్లు గడ్డకడితే బురద రాయిలా బిగిసిపోతుంది, ముక్కు దిగదు. అంతవరకు అవి ఆగవు. పగటి పొడవు తగ్గడమే వాటికి ముఖ్యమైన సూచన. వెంటనే తెగతిని ఒంట్లో కొవ్వు నింపుకుంటాయి. గ్రాము పిండిపదార్థం 4 కిలోకేలరీల శక్తినిస్తే, గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. ఎగిరే జీవికి ఇంతకంటే తేలికైన ఇంధనం ఏముంది?

ఎంత దూరం?

మీరే లెక్క కట్టండి. లిటిల్ స్టింట్ అనే చిన్న పిట్ట గూడు కట్టేది సుమారు 70 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. హైదరాబాదు 17 డిగ్రీల దగ్గర ఉంది. తేడా 53. ఒక్కో డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. నేరుగా దక్షిణానికి ఎగిరినా 5,883 కిలోమీటర్లు! పిట్ట బరువు మాత్రం మూడు పదిరూపాయల నాణేలంత. చాలా జాతుల్లో పెద్దవి ముందే బయలుదేరుతాయి. పిల్లలు తర్వాత దారి చూపేవారు లేకుండానే వస్తాయి. 2022లో ఐదు నెలల గాడ్విట్ పిట్ట ఒకటి అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు, 11 రోజులు ఎక్కడా ఆగకుండా ఎగిరింది.

ముక్కుల పంపకం

ఒకే ఒడ్డున ఇన్ని జాతులు పోట్లాడుకోకుండా ఎలా బతుకుతాయి? ముక్కులు చూడండి. పొట్టిముక్కు స్టింట్ బురద పైపొరను ఏరుకుంటుంది. పొడవుముక్కు గాడ్విట్ లోతుగా పొడుస్తుంది. దాని ముక్కు కొనలో స్పర్శ నాడులు ఉంటాయి. కంటికి కనిపించని పురుగును అవే పసిగడతాయి.

ఎక్కడ చూడాలి?

ముషీరాబాద్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ పిల్లలకు దగ్గరి చెరువు 1562 నాటి హుస్సేన్‌సాగర్. అక్కడ కామన్ శాండ్‌పైపర్ కోసం వెతకండి. వీపు గోధుమరంగు, పొట్ట తెలుపు. నిలబడ్డా నడిచినా తోక పైకీ కిందికీ ఊపుతూనే ఉంటుంది. రాతికట్ట మీద కూడా సర్దుకుపోతుంది. తీతువును చూసి వలసపిట్ట అనుకోకండి. అది ఏడాది పొడవునా ఇక్కడే ఉంటుంది.

స్టింట్, గాడ్విట్ అలా సర్దుకోలేవు. వాటికి వాలుగా ఉన్న బురద ఒడ్డు, కాళ్లు మునిగేంత నీరు కావాలి. చెరువు చుట్టూ నిలువుగా రాతిగోడ కడితే నీరు మిగులుతుంది, ఒడ్డు మాత్రం పోతుంది. మనకు అందంగా కనిపించే ఆ చెరువులో వాటికి కాలు మోపే చోటుండదు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు వంటివి అందుకే విలువైనవి.

మీరు చేయవలసిన పని

ఆగస్టు నుంచి ఏప్రిల్ వరకు, వారానికోసారి, ఉదయం వేళ, పెద్దవారితో కలిసి ఒకే చోటికి వెళ్లండి. బురదలోకి దిగవద్దు. తేదీ, పిట్టల సంఖ్య, ముక్కు పొడవు, ఒడ్డు బురదగా ఉందో రాయిగా ఉందో నోటుబుక్కులో రాయండి. పిట్ట కనబడని రోజు సున్నా వేయండి, అదీ సమాచారమే. 1931-32లో సలీం అలీ నాటి హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే చేసి వివరాలు రాసి ఉంచబట్టే, అప్పటికీ ఇప్పటికీ వచ్చిన తేడాను మనం పోల్చి చూడగలుగుతున్నాం. మీ తర్వాత ఈ ఒడ్డుకు వచ్చే పిల్లలకు మీ నోటుబుక్కు అలాగే పనికివస్తుంది.