చాకుల పెట్టె వయసెంత? వెలయెంత?

వయసు దాచుకునే అలవాటు మనుషులకే వుందనుకుంటాం గాని, దుకాణపు సామాను కూడా ఆ విద్యలో ఏమీ తక్కువ తినలేదు. అమెరికాలో ఒకప్పుడు ఇనుపసామాన్ల కొట్లలో గల్లాబల్ల మీద ఒక అద్దాల పెట్టె దర్జాగా కూర్చుని వుండేది. ముందు వాలుగా అద్దం, చుట్టూ కర్ర చట్రం, లోపల గుడ్డ పరచిన పలక, ఆ పలక మీద వరుసగా సగం విచ్చుకున్న మడత చాకులు, ఒక్కొక్కదాని కింద ఒక నంబరు. కొనవచ్చినవాడు వేలితో చూపిస్తే, కొట్టు యజమాని అదే నంబరు చాకును సొరుగులోంచి తీసి చేతికిచ్చేవాడు. ఈనాడు అలాంటి పెట్టెలకు గిరాకీ వున్నది. గిరాకీ వున్నచోట కోతలూ వుంటాయి. "మా తాతగారి నాటిదండీ" అనే మాట ఆంధ్రదేశంలోనే కాదు, అక్కడా చెల్లుతుంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో నాకు చాలాకాలంగా నివాసం. ఆ రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్ అనే చిన్న పట్నంలోనే కేస్ కంపెనీ వారి చాకుల కార్ఖానా వున్నది. 1889ని తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునే ఆ కంపెనీ 1993 నుంచి సిగరెట్ లైటర్లకు పేరుపడిన జిప్పో వారి చేతిలో నడుస్తున్నది. చుట్టుపక్కల పాత సామాన్ల అంగళ్ళలోను, వేలం పాటలలోను ఈ పెట్టెలను చూసి చూసి, వాటి జాతకం చదవడం నాకొక సరదాగా మారింది. రాను రాను, అది వట్టి సరదా కాదని కూడా తెలిసివచ్చింది.

పెట్టె ఎందుకు పుట్టింది?

చాకు జేబులో వుంటే కనపడదు. సొరుగులో వుంటే అసలే కనపడదు. కనపడని వస్తువు అమ్ముడుపోదు. అందుచేత చాకులు చేసే కంపెనీలే తమ పేరు పెద్ద అక్షరాలలో రాయించిన పెట్టెలు తయారు చేయించి, ఇన్ని డజన్లు కొన్న వర్తకునికి ఇచ్చేవి. పెట్టె కంపెనీకి ప్రకటన, కొట్టుకు అలంకారం, చేతివాటం గలవారికి అడ్డుకట్ట. కేస్, ష్రేడ్, బక్ వంటి చాకుల కంపెనీలే కాక, తుపాకులకు పేరుపొందిన రెమింగ్టన్, వించెస్టర్ వారు కూడా మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఈ వ్యాపారంలోకి దిగారు. రెమింగ్టన్ వారు 1920 నుంచి 1940 వరకే చాకులు చేశారు. ఆ పేరుతో పాత నమూనాలు మళ్ళీ బజారుకు వచ్చింది 1982లో. కనుక రెమింగ్టన్ పేరున్న చాకుల పెట్టె కనపడితే, అది ఆ ఇరవై యేళ్ళ నాటిదా, 1982 తరువాతిదా అన్నదే మొదటి ప్రశ్న.

కొత్త వస్తువే సాక్షి

వయసు తేల్చడంలో సూత్రం ఒక్కటే. పెట్టెలో అన్నిటికంటె పాత వస్తువు ఏదో చూసి మురిసిపోకూడదు. అన్నిటికంటె కొత్త వస్తువు ఏదో వెతకాలి. పాత కర్రతో నిన్న పెట్టె చేయవచ్చును గాని, రేపు పుట్టబోయే స్క్రూతో నిన్న బిగించడం బ్రహ్మతరం కాదు గదా!

ఆ స్క్రూతోనే మొదలుపెడదాం. తలమీద ఒకే గీత వున్న స్క్రూలు ఏనాటివైనా కావచ్చును. కూడిక గుర్తు వున్న స్క్రూకు హెన్రీ ఫిలిప్స్ అనే అమెరికను పేటెంటు పొందినది 1936లో. పెట్టెలో ట్యూబులైటు వుంటే, అవి అమెరికా బజారుకు వచ్చినది 1938లో. కంపెనీ చిరునామా అచ్చయిన చీటీ వున్నదా? ఊరి పేరు చివర అయిదంకెల జిప్ నంబరు వుంటే, అది 1963 జులై 1 తరువాతి అచ్చు. అడ్డగీతల బార్‌కోడు వుంటే ఇక వాదనే లేదు. దుకాణంలో మొదటిసారి బార్‌కోడును యంత్రం చదివినది 1974 జూన్‌లో.

కాగితానికి ఇంకొక పరీక్ష వున్నది. దొంగనోట్లు పట్టుకోడానికి బ్యాంకులలో నీలిదీపం వాడతారు చూడండి, అటువంటిదాన్ని చీకటి గదిలో ఆ చీటీ మీదికి చూపాలి. సుమారు 1950 నుంచి కాగితాన్ని తెల్లగా కనిపింపజేసే రసాయనాలు కలపడం పెరిగింది. అవి వున్న కాగితం ఆ వెలుగులో పాలవెన్నెలలా మెరుస్తుంది. 1920 నాటిదని చెప్పిన చీటీ అలా మెరిసిందంటే, అమ్మేవాని ముఖం చూడనక్కరలేదు. మెరవకపోయినంత మాత్రాన పాతదని తీర్మానించకూడదు. అన్ని కాగితాలలోను ఆ రసాయనం కలపరు.

అద్దం విషయంలో చాలామంది తొందరపడతారు. అద్దం వెనుకనున్న వస్తువు అలల్లాగ కదిలినట్లు కనపడితే, అది పాత పద్ధతిలో సాగదీసి చేసిన అద్దం. ఇంగ్లండులో పిల్కింగ్టన్ వారు కరిగిన తగరం మీద గాజును తేల్చి చేసే పద్ధతిని 1959లో ప్రకటించిన తరువాత, నున్నని అద్దం చౌక అయింది. కాని, అంతకు ముందు కూడా అరగదీసి మెరుగుపెట్టిన నున్నని అద్దాలు వుండేవి. అందుచేత అలలున్న అద్దం కొంత చెబుతుంది. నున్నని అద్దం ఒంటరిగా ఏమీ చెప్పదు. పైగా అద్దం పగిలితే మార్చేస్తారు.

చూడవలసిన తేడా అక్కడే వున్నది. మార్చడానికి వీలైనవి కొన్ని: అద్దం, బల్బు, తాళం, చాకులు. మార్చడం కష్టమైనవి కొన్ని: చట్రం కూర్పు, పలకకు అంటించిన గుడ్డ, దాని మీది అచ్చు. మొదటి రకం సాక్ష్యాన్ని రెండవ రకం సమర్థిస్తేనే నమ్మాలి. తాళం మీద పేటెంటు తేదీ వుంటే అదే పెట్టె పుట్టినరోజు అనుకునేవారున్నారు. అది "ఇంతకు ముందుది కాదు" అని మాత్రమే చెబుతుంది. ఆ తాళాలు తరువాత ఎన్నేళ్ళయినా చేసి వుండవచ్చును.

చాకు మొదట్లో ముద్ర

చాకు బ్లేడు పిడిలోకి పోయేచోట, మొదట్లో, కంపెనీ ముద్ర వుంటుంది. 1890లో చేసిన సుంకాల చట్టం ప్రకారం 1891 నుంచి అమెరికాలోకి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు వుండి తీరాలి. అందుకే తరువాతి షెఫీల్డు చాకు మీద ఇంగ్లండు అనీ, జోలింగెన్ చాకు మీద జర్మనీ అనీ కనపడుతుంది.

కేస్ వారి ముద్ర అయితే పంచాంగం వంటిదే. 1920 నుంచి 1940 వరకు కంపెనీ పేరుతో పాటు "టెస్టెడ్" అనే మాట, రెండు ఎక్స్ గుర్తులు వుండేవి. 1940 నుంచి 1964 వరకు కంపెనీ పేరు, రెండు ఎక్స్‌లు మాత్రమే. 1965 నుంచి 1969 వరకు వాటికింద యు.ఎస్.ఎ. అని చేరింది. 1970లో ఆ అక్షరాల కింద పది చుక్కలు పెట్టారు. ఏటా ఒక్కొక్క చుక్క తీసేస్తూ 1979కి ఒక్క చుక్కకు వచ్చారు. చుక్కలు లెక్కపెట్టగలిగితే చాలు, సంవత్సరం తెలిసిపోతుంది.

పలక మీది నంబరుకు కూడా అర్థం వున్నది. 6254 అనే కేస్ నంబరు తీసుకోండి. మొదటి అంకె పిడిని చెబుతుంది. 6 అంటే గాట్లు చెక్కిన ఎముక. 5 అయితే దుప్పికొమ్ము. రెండవ అంకె బ్లేడులెన్నో చెబుతుంది. మిగిలినవి నమూనా సంఖ్య. చీటీ మీద 5 తో మొదలయ్యే నంబరు వుండి, పైన ఎముక పిడి చాకు వుంటే, ఎవరో దాన్ని మార్చారన్నమాట.

మార్పును పట్టించే సాక్షి మరొకటి, సూర్యుడు. ఏళ్ళ తరబడి వెలుగు పడిన గుడ్డ వెలిసిపోతుంది. చాకు కిందనున్న భాగం మాత్రం అసలు రంగుతోనే వుంటుంది. చాకును మెల్లగా తీసి చూస్తే, దాని ఆకారం గుడ్డ మీద నీడలాగ దిగి వుంటుంది. చాకూ నీడా సరిపోతే అది ఆ చోటుకు పుట్టినదే. సరిపోకపోతే వలస వచ్చినది.

పంపకానికి వచ్చిన పెట్టె

ఈ విద్య ఎక్కడ అక్కరకు వచ్చిందో చెబుతాను. మా ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో ఇనుపసామాన్ల కొట్టు నడిపిన పెద్దమనిషి కాలం చేశాడు. కొట్టు ఏనాడో మూతపడింది. కేస్ వారి పెట్టె ఒకటి ఇంట్లో మిగిలింది. కొడుకు, కూతురు. చాకులు తాను తీసుకుంటాననీ, పెట్టె చెల్లెలు వుంచుకోవచ్చుననీ అన్నగారి ప్రతిపాదన. కొట్టు 1920 ప్రాంతంలో వాళ్ళ తాతగారు పెట్టినది కనుక పెట్టె కూడా అప్పటిదేననీ, చాలా ధర చేస్తుందనీ ఆయన నమ్మకం. ఆవిడకు పెట్టెను ముక్కలు చేయడం ఇష్టం లేదు. అన్నగారి వాటా డబ్బు ఇచ్చి మొత్తం తానే వుంచుకుంటానన్నది. అయితే ఎంత ఇవ్వాలి? ఒక స్నేహితుని ద్వారా నన్ను పిలిచారు.

నేను వెళ్ళేసరికి ఆవిడ గరుకు కాగితం, వార్నిష్ డబ్బా కొని సిద్ధంగా వుంచింది, శుభ్రం చేద్దామని. ముందు ఆ రెండూ గదిలోంచి బయట పెట్టించాను.

పలక మీద ఇరవైనాలుగు చాకులు. ఇరవై రెంటికి నీడలు సరిపోయినవి. రెంటికి సరిపోలేదు; వాటి మీద యు.ఎస్.ఎ. కింద ఏడేసి చుక్కలు, అంటే 1973 నాటివి. ఎవరో ముచ్చటపడితే పలక మీది చాకులే అమ్మి, వాటి స్థానంలో కొత్తవి పెట్టి వుంటారు. మిగిలిన ఇరవై రెంటిలో ఎక్కువ భాగం కేవలం రెండు ఎక్స్‌ల ముద్ర కలవి, నాలుగింటి మీద యు.ఎస్.ఎ. వున్నది. అన్నిటికీ నీడలు సమంగా వున్నవి కనుక అవన్నీ ఒకేసారి కూర్చున్నవే. పలకకు అంటిన చీటీలో బ్రాడ్‌ఫర్డ్ పేరు పక్కన 16701 అనే జిప్ నంబరు. చట్రంలో, ఎన్నడూ కదిలించిన జాడ లేని కూడిక గుర్తు స్క్రూలు. పాత ముద్ర సరుకు ఇంకా అయిపోక, కొత్త ముద్ర సరుకు అప్పుడే వస్తున్న రోజులన్నమాట. అంటే 1965, లేదా ఆ వెంటనే.

"మరి నాన్న చెప్పింది అబద్ధమా?" అన్నది ఆవిడ, కొంచెం నొచ్చుకుని.

"కొట్టు తాతగారిది, పెట్టె నాన్నగారిది. రెండూ నిజమే నమ్మా" అన్నాను.

పలక వెనక పెన్సిలుతో గీసిన లెక్కలు కనపడినవి. నంబరు, పక్కన అయిదేసి గీతల కట్టలు. ఏది ఎన్ని అమ్ముడుపోయిందో తండ్రి వేసుకున్న లెక్క. అన్నగారు చాలాసేపు దానివంకే చూశాడు. "నాన్న ఏడు ఇలాగే రాసేవాడు" అన్నాడు.

1920 నాటిదన్న లెక్కన కడితే చెల్లెలు నష్టపోయేది. ఉత్త పెట్టెగాను, విడి చాకులుగాను పంచుకుంటే, పలకా చాకులూ కలిసి వుండడం వల్ల వచ్చే విలువ ఇద్దరికీ పోయేది. అటువంటి పెట్టెలు వేలంలో నిజంగా పలికిన ధరలు చూసి, వలసవచ్చిన రెండు చాకులకు తగ్గించి, ఒక మొత్తం తేల్చాం. ఆవిడ అందులో సగం అన్నగారికి ఇచ్చింది. అనుకున్నంత రాలేదని ఆయన ముఖం కొంచెం ముడుచుకున్న మాట నిజమే. కాని లెక్కలో తప్పు పట్టలేదు.

వెల కట్టే విధం

అడిగే ధర వేరు, పలికే ధర వేరు. అంగట్లో చీటీ మీద ఎంతైనా రాయవచ్చును. ఎవరో కొన్న ధరే ధర. గల్లాబల్ల మీద పట్టే చిన్న పెట్టెకు ఖాళీదైనా కొన్ని వందల డాలర్లు పలకవచ్చును. అరుదైన పేరు వుండి, చాకులన్నీ అసలువే అయితే లెక్క వేలలోకి పోతుంది. నిలువెత్తు బీరువాలు చూడ్డానికి ఘనమే గాని, ఇంట్లో చోటు, మోతకూలి ఆలోచించి చాలామంది వెనక్కు తగ్గుతారు.

కంపెనీ పేరు చెరగకుండా వుండడం, తాళంచెవి వుండడం, నంబరు చీటీలు పూర్తిగా వుండడం ధర పెంచుతాయి. కొత్త వార్నిష్ తగ్గిస్తుంది. చాకులలో ఎన్నడూ సానపట్టనివి మేలు. అరుగుదల కూడా ఎక్కడ వుండాలో అక్కడే వుండాలి: వెనక తలుపు అంచున, తాళం చుట్టూ, అడుగున. చేయి తగలని మూలలలో కూడా రంగు సమంగా అరిగి వుంటే, ఎవరో పనిగట్టుకుని ముసలితనం తెప్పించారన్నమాట. అచ్చును భూతద్దంతో చూడాలి. పాత అచ్చులో బొమ్మ చుక్కలు వరుస తీరి వుంటాయి. ఈనాటి ఇంటి యంత్రం చల్లిన సిరాలో చుక్కలు చెల్లాచెదురుగా వుంటాయి.

పెట్టె వుంచుకోదలచినవారు ఒక్క జాగ్రత్త మరచిపోకూడదు. పాత చాకుల పిడులు కొన్ని సెల్యులాయిడ్‌తో చేసినవి. అది పాతబడితే నెమ్మదిగా ఆమ్లపు ఆవిరి విడుస్తుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి పక్క చాకుల ఉక్కును తినేస్తుంది. ఒక చాకు పిడి చిట్లి, దాని ఇరుగుపొరుగు చాకులే తుప్పు పడుతుంటే, దాన్ని వెంటనే వేరుచేసి, పెట్టెకు గాలి తగలనివ్వాలి. దాని చోటును ఖాళీగా వుంచి, నంబరు చీటీ మాత్రం అక్కడే వుండనివ్వండి.

మన ఇళ్ళలోనూ మూతపడిన కొట్ల అద్దాల బీరువాలు, మందుల షాపు అలమరలు మూలల్లో వుంటాయి. వాటికీ ఇదే సూత్రం. తుడిచే ముందు చూడండి, చూసినది రాసిపెట్టుకోండి, వెనక పలక మీద పెన్సిలు గీత వుంటే చెరపకండి. పంపకాలనాడు ఇంటి పెద్ద లేకపోయినా, ఆ గీతలు ఆయన పక్షాన నిజం చెబుతాయి.