గన్నవరం అక్విడెక్టు

వంతెన అనగానే మనుషులూ బండ్లూ ఏరు దాటే దారి మన మనసులో మెదలుతుంది. కాని కాలువ నీటినే నది దాటించే వంతెనలు కూడా ఉన్నాయి. కోనసీమలో వైనతేయ నదిపై పి. గన్నవరం వద్ద 19వ శతాబ్ది నడిమి కాలంలో నిర్మించిన అక్విడెక్టు అటువంటిదే.

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుండి మళ్లీ వైనతేయ విడివడుతుంది. ఈ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న భూభాగమే నగరం లంక. చుట్టూ నీరే. అయినా ఆ నీరు పైరుకు అందేది కాదు. నది పొలాలకన్నా పల్లంలో పారుతుంది. పోటు వేళ సముద్రపు ఉప్పునీరు పాయలలోనికి ఎదురెక్కుతుంది. అందుచేత రైతు వానమబ్బుకేసి చూడవలసి వచ్చేది.

సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ప్రారంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆనకట్ట వద్ద మట్టం పెరిగిన నీరు కాలువల గుండా గన్నవరం వరకూ వచ్చింది. ఎదుట వైనతేయ అడ్డం! కాలువను నదిలో విడిచిపెడితే నీరంతా కడలిపాలవుతుంది. అందువల్ల నదికి అడ్డంగా 49 కమానులు కట్టి, వాటిపై తొట్టివంటి కాలువను అమర్చారు. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. కింద నది, పైన కాలువ ఒకదానికొకటి తగలకుండా సాగిపోయే ఏర్పాటిది. హేగ్ అనే సైనిక ఇంజనీరు ఈ పనిని నడిపించాడు. వరదలు వచ్చేలోగా కమానులు నిలబడాలి గనుక, రేయింబవళ్లు శ్రమించక తప్పలేదు. ఇంజనీర్ల పేర్లు చరిత్రకెక్కాయి. రాళ్లెత్తిన కూలీల పేర్లు మనకు దక్కలేదు.

కాలువ నీరు పారిన చోట వరి పండింది. పంట ఉన్నచోటనే దానానికి వీలుంటుంది. ఆ వంతెనకు సమీపాన ఉన్న లంకల గన్నవరం గ్రామమే ఇందుకు నిదర్శనం. 1841లో మండపేటలో జన్మించిన డొక్కా సీతమ్మగారు ఈ ఊరికి కోడలుగా వచ్చారు. లంకలు దాటి వచ్చే బాటసారులకు, కులమతాలు అడగకుండా, వేళ కాని వేళనైనా అన్నం పెట్టారు. ఒకసారి ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరగా, దారిలో ఒక పెండ్లివారు “సీతమ్మగారి ఇంటికి చేరితే పిల్లల ఆకలి తీరుతుంది” అనుకోవడం చెవినబడి, యాత్ర మానుకొని ఇంటికి మరలారని చెప్పుకుంటారు. 1909లో కన్నుమూసేవరకూ ఆమె ఈ వ్రతాన్ని విడువలేదు.

కాలక్రమాన పాత కట్టడం బలహీనపడగా, దాని పక్కనే కొత్త అక్విడెక్టు నిర్మించి, దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కళాశాలలలో ప్రారంభమైన మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే ఉంది.

వంతెన నీటిని పొలానికి చేర్చింది. ఆ ఇల్లాలు అన్నాన్ని ఆకలిగొన్నవారికి చేర్చింది. ఒకరి పేరు మరొకదానికి ఇంతగా అమరడం అరుదు. మీ ఊరి పాత వంతెన దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. దానిని కట్టిన చేతులనూ, దాని వల్ల నిండిన కంచాలనూ తలచుకోండి.