కంప్యూటరు బాధ్యత వహించు ఉపాధ్యాయులకు ఒక సంఘము

మన పాఠశాలలలో ఇటీవలి కాలమున ఒక క్రొత్త ఉద్యోగము పుట్టినది. దానికి వేఱు పేరు లేదు; వేఱు జీతమును లేదు. గణితమునో సామాన్యశాస్త్రమునో బోధించుచున్న ఒక ఉపాధ్యాయునకో, ఉపాధ్యాయినికో “కంప్యూటర్ల సంగతి కూడ మీరే చూచుకొనుడు” అని ప్రధానోపాధ్యాయుడు చెప్పును. నాటి నుండి ఆ గది తాళపుచెవి వారి యొద్దనే యుండును. యంత్రము మొరాయించినను, ప్రశ్నపత్రమును తెలుగులో అచ్చు వేయవలసినను, ప్రభుత్వమునకు పాఠశాల లెక్కలు పంపవలసినను అందఱును వారినే పిలుతురు. ఇట్టి వారి పనిని గుఱించియు, వారొకరికొకరు తోడుపడుటకు సంఘమెట్లు ఏర్పడవలెనో దానిని గుఱించియు పాఠకులకు కొంత విన్నవింపదలచితిమి.

ఈ పనిలోని మొదటి కష్టము ఒంటరితనము. గణితోపాధ్యాయునకు సందేహము కలిగిన పక్కగదిలో మఱొక గణితోపాధ్యాయుడు దొరకవచ్చును. కంప్యూటరు బాధ్యత వహించువానికి పాఠశాల మొత్తములో అట్టి తోడు లేదు. తాను చేసినది సరియో కాదో చెప్పువారుండరు. ఆయన బదిలీ అయినను, పదవీవిరమణ చేసినను సంకేతపదములు, దాచిన పాఠములు, మరమ్మతు వివరములు అన్నియు ఆయనతోనే వెడలిపోవును. వెనుక వచ్చినవారు మఱల ఓనమాలతో ఆరంభింపవలసినదే.

యంత్రములను కొనుట సులభము. వానిని ఉపయోగించు విద్యను నిలుపుకొనుట కష్టము. భారతదేశమున 1984లో క్లాస్ అను పథకము క్రింద పాఠశాలలకు కంప్యూటర్లు వచ్చినవి. 2004లో కేంద్రప్రభుత్వము మఱొక పెద్ద పథకమును ఆరంభించినది. ధనముతో గది నిండును. ఉపాధ్యాయుని జంకు తీరుటకు మాత్రము తోటి ఉపాధ్యాయుడే కావలెను.

జీన్ లేవ్, ఎటియన్ వెంగర్ అను పండితులిరువురు 1991లో ప్రచురించిన గ్రంథమున దర్జీలు, మంత్రసానులు మున్నగు వృత్తులవారు తమ పనిని ఎట్లు నేర్చుకొందురో పరిశీలించిరి. పని తెలిసినవారి నడుమ మసలుచు, మొదట చిన్న పనులు, పిదప పెద్ద పనులు చేయుచు క్రమముగా ఆ సమూహములో పూర్ణభాగస్వాములగుటయే నేర్చుట యని వారి సారాంశము. సోలాపురమున స్థిరపడిన మన పద్మశాలీల ఇండ్లలో మగ్గపు విద్య ఒక తరము నుండి మఱొక తరమునకు అందినది ఈ విధముననే కదా! ఇట్టి సమూహమునకు మూడు అంగములు కావలెను: అందఱికి పట్టిన ఒక విషయము, ఒకరినొకరు ఎఱిగిన మనుష్యులు, అందఱును కలిసి పెంచుకొను పనితనము.

మన పొరుగుననే దీనికి నిదర్శనములు కలవు. కేరళ రాష్ట్రము 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను కార్యక్రమమును చేపట్టినది. బయటి నిపుణులపై పూర్తిగా ఆధారపడక, ఉపాధ్యాయుల నుండియే శిక్షకులను తయారుచేసి, ఉన్నత పాఠశాలలలో సమన్వయకర్తలుగా ఉపాధ్యాయులనే నియమించినది. ఎవరైనను పంచుకొని మార్చుకొనదగిన స్వేచ్ఛా సాఫ్టువేరును వాడుటచే, ఒకచోట సవరించినది అన్ని చోట్లకు పనికివచ్చినది. 2017లో ఆ కార్యక్రమము కైట్ అను సంస్థగా మాఱినది. 2018లో విద్యార్థులకు లిటిల్ కైట్స్ అను బృందములును ఏర్పడినవి. కర్ణాటకమున 2011లో ఆరంభమైన విషయోపాధ్యాయ వేదిక మూలమున ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు తమ సందేహములను, పాఠములను పరస్పరము పంచుకొనసాగిరి.

ఇక మన అల్పసంఖ్యాక భాషా పాఠశాలల సంగతి. హోసూరు, బళ్లారి, బరంపురము, సోలాపురము వంటి చోట్ల ఉన్న తెలుగువారి అవసరములు మూడు విషయములందు ప్రత్యేకమైనవి.

మొదటిది లిపి. పూర్వపు తెలుగు ఫాంట్లు తయారుచేసినవారు ఇష్టము వచ్చినట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు గుర్తులను అమర్చిరి. ఆ ఫాంటు లేని యంత్రముపై ఆ పాఠమును తెఱచిన అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. 1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానములను ప్రత్యేకించినది. దానిలో వ్రాసినది ఏ యూరనైనను తెలుగుగనే కనబడును, వెదకినను దొరకును. ఒక్కొక్క పాఠశాలలో పాత ఫాంట్లలో చిక్కుకొనియున్న పాఠములను, ప్రశ్నపత్రములను యూనికోడులోనికి మార్చుట ఒక్కరి వలన కాదు. పదిమంది పంచుకొనిన ఒక వేసవిలో చాలవఱకు తీరును.

రెండవది మీటల పలక. ఇన్‌స్క్రిప్ట్ అను అమరికలో భారతీయ లిపులన్నిటిలోను ‘క’ కారమునకు ఒకే మీట. తెలుగున వ్రాయ నేర్చిన బాలుడు అదే అలవాటుతో కన్నడమును, ఒడియాను, హిందీని వ్రాయగలడు. రెండు మూడు లిపులను నేర్చుకొనవలసిన మన పిల్లలకు ఇంతకన్న మేలైన ఉపాయమేమున్నది? కాని దీనిని ఎఱిగినవారు ఎఱుగనివారికి ప్రక్కన కూర్చుండి చూపవలెను.

మూడవది మిక్కిలి ముఖ్యము. యూడైస్ ప్లస్ అను దేశవ్యాప్తమైన లెక్కలలో ప్రతి పాఠశాలయు తన బోధనమాధ్యమమును తెలుపవలెను. తెలుగు మాధ్యమమున చదువు పిల్లలను తొందరలో వేఱొక మాధ్యమము క్రింద నమోదు చేసిన, వారు తరగతిలో ఉన్నను కాగితముపై లేనివారగుదురు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. ఆ వసతులు కోరుటకు మన చేతిలోని ఆధారము పిల్లల సంఖ్యయే. ఒక్క గడిని తప్పుగా నింపుట వలన ఒక తరగతికే ముప్పు రావచ్చును. నింపిన పత్రమును పంపుటకు ముందు మఱొక పాఠశాల ఉపాధ్యాయుడొకసారి చూచుట ఎంత మేలు!

సంఘమును స్థాపించుటకు భవనము, నిధి, బిరుదులు అక్కఱలేదు. దగ్గఱి పాఠశాలల నుండి అయిదాఱుగురు చాలును. నెలకొకసారి ఒక్కొక్క పాఠశాలలో వంతున కూడవలెను. ప్రతివారును తాము తీర్చుకొనిన చిక్కునొకటి, తీరని చిక్కునొకటి తేవలెను. తీరిన విధమును తెలుగులో ఒక పుస్తకమున వ్రాసియుంచవలెను. క్రొత్తగా వచ్చినవారికి అదియే మొదటి గురువు. అధ్యక్షత ఏటేట మాఱవలెను. అన్నిటికన్న మిన్నగా, ఎంత చిన్న ప్రశ్న అడిగినను ఎవరును నవ్వరాదు. ఒకసారి నవ్వులపాలైనవారు రెండవసారి అడుగరు. అడుగువారు లేని సంఘము నిలువదు.

రెండు జాగ్రత్తలు అవసరము. యంత్రములమ్ము వ్యాపారుల ఆతిథ్యమున సంఘము నడువరాదు. అట్లు నడచిన వారి సరకును పొగడుటయే పనియగును. పిల్లల వివరములు, ఛాయాచిత్రములు సంఘములోనైనను విచ్చలవిడిగా చేతులు మాఱరాదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిది ఏండ్లు నిండనివారిని పిల్లలుగా నెంచి ప్రత్యేక రక్షణను విధించినది. పాఠములను పంచుకొనుడు, పిల్లల రహస్యములను కాదు.

ప్రధానోపాధ్యాయులు చేయవలసిన సాయము స్వల్పమే: నెలకొక పూట వారిని తరగతుల నుండి విడిపింపవలెను. పాలకవర్గమువారు వారి రాకపోకల ఖర్చులు భరింపవలెను. తలిదండ్రులు కంప్యూటర్ల సంఖ్యను మాత్రమే గాక, వానిని నడుపువారికి తోడున్నదా యని కూడ అడుగవలెను. మాతృభాషా ప్రాంతమునకు దూరముగా నున్న మన పాఠశాలలు ఇంతకాలము నిలిచినది ఒకరికొకరు చేయూత నిచ్చుకొనుట వలననే. ఈ క్రొత్త విద్యకును ఆ పాత ధర్మమే శరణ్యము.