ఆకాశంలో బండికీ లాంతరు కావాలట!

నర్సంపేట: చీకటి రాత్రి రోడ్డెక్కే ఎడ్లబండి కింద లాంతరు వేలాడగట్టడం పాత అలవాటు. వెనుక వచ్చే లారీకి ముందు బండి వున్నదని తెలియడానికే ఆ దీపం. ఇప్పుడు ఆకాశంలో తిరిగే చిన్నవాటికి కూడా అటువంటి లాంతరు వుండాలా అన్న వాదం దేశదేశాల్లో నడుస్తున్నది. మిరప తోటల మీద, వరి మడుల మీద డ్రోన్లతో మందు కొట్టించే రైతుకూ ఆ వాదంతో పని పడింది.

విమానాల్లో ఈ లాంతరు పని చేసే పెట్టె పేరు ట్రాన్స్‌పాండర్. నేల మీది రాడార్ "ఎవరు నువ్వు?" అని అడగగానే అది తన నంబరు, ఎత్తు చెబుతుంది. ఎదురు వచ్చే పెద్ద విమానంలోని హెచ్చరిక యంత్రం కూడా ఆ జవాబు వినే పైలట్‌ను మేల్కొలుపుతుంది. పెట్టె లేని విమానం ఆ యంత్రానికి కనిపించదు.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజకిస్తాన్ విమానాలు గాలిలోనే ఢీకొని 349 మంది మరణించారు. ఒక్కరూ బతకలేదు. ఆ తరువాతనే మన దేశంలో పెద్ద విమానాలకు హెచ్చరిక యంత్రం తప్పనిసరి అయింది.

చిక్కంతా చిన్నవాటితోనే. గ్లైడరు ఇంజను లేకుండా గాలి ఆసరాతో గద్దలా తిరుగుతుంది. దానికి బ్యాటరీ ఒక్కటే దిక్కు. 2006 ఆగస్టు 28న అమెరికాలోని నెవాడాలో ఒక జెట్ విమానం, ఒక గ్లైడరు ఢీకొన్నాయి. గ్లైడరులో ట్రాన్స్‌పాండర్ లేక కాదు, బ్యాటరీ ఆదా కోసం దాన్ని ఆపి వుంచారు! పైలట్ పారాచూట్‌తో దూకాడు, జెట్‌లోని వారూ ప్రాణాలతో దిగారు. గ్లైడర్లకూ ట్రాన్స్‌పాండర్ తప్పనిసరి చేయాలని అక్కడి ప్రమాదాల విచారణ సంస్థ 2008లో సిఫారసు చేసింది. 2015లో ప్రభుత్వం ప్రజాభిప్రాయం అడిగింది.

ఇక మన మామునూరు సంగతి. నిజాం కాలపు ఆ విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాక ఎన్.సి.సి. గ్లైడర్లు ఎగిరాయి. దాన్ని విస్తరించడానికి 253 ఎకరాల సేకరణ నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

2021 డ్రోను నిబంధనల ప్రకారం, పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దుకు 8 కిలోమీటర్ల లోపల డ్రోను నేల విడవాలంటేనే అనుమతి కావాలి. 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల దాకా, ఆ బయట 400 అడుగుల దాకా మామూలుగా అడగనక్కర లేదు. నర్సంపేట పట్టణం సుమారు 30 కిలోమీటర్ల దూరాన వున్నది గనుక ఈ గీతకు బయటే. కాని విమానాలు దిగడం మొదలైతే మామునూరు చుట్టుపక్కల రైతు తన చేలో మందు కొట్టించడానికి కూడా అనుమతి తెచ్చుకోవాలి. కాగితం వచ్చేదాకా పురుగు ఆగదు గదా!

డ్రోను ఎక్కడ, ఎంత ఎత్తున, ఎంత వేగంతో వున్నదీ ఎప్పటికప్పుడు చెప్పే పరికరాన్ని మున్ముందు తప్పనిసరి చేసే అధికారం కూడా ఆ నిబంధనల్లోనే కేంద్రానికి వున్నది. ఉత్తర్వు ఇచ్చాక అమర్చుకోవడానికి కనీసం ఆరు నెలల గడువు ఇవ్వాలి. ఆ ఖర్చు చివరకు ఎకరానికి తీసుకునే కిరాయి మీద పడేదే. కేంద్రం 2023లో తెచ్చిన డ్రోన్ దీదీ పథకంలో మహిళా సంఘాలకు 80 శాతం, 8 లక్షలకు మించకుండా సబ్సిడీ వున్నది. మిగిలిన డబ్బు అప్పు తెచ్చిన సంఘానికి ఇంకో పెట్టె కొనమంటే మాటలా?

మందు కొట్టే డ్రోను పైరు మీద బారెడు, రెండు బారల ఎత్తున పోతుంది. అక్కడికి ఏ విమానమూ రాదు. రన్‌వే దగ్గర లాంతరు అడగడం న్యాయమే. పాకాల ఆయకట్టులోని వరి మడి మీద కూడా అదే కొలత పెడితే మాత్రం రైతుకు దండుగ.

ఈలోగా కిరాయికి డ్రోను పిలిచేవారు రెండు చూసుకోవాలి: డ్రోనుకు రిజిస్ట్రేషన్ నంబరు వున్నదా, నడిపే వారికి పైలట్ సర్టిఫికెట్ వున్నదా. నిబంధన తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా.